గిలాబాకు (ప్లాస్టరింగ్‌కు) ముందే గోడలో కరెంటు పైపులు: మొదటి గీత నుంచి చివరి టెస్టు దాకా

ఆమధ్య ఒక ఇంటికి వెళ్లాను. వంటగదిలో ఫ్రిజ్ కోసం ఎవరో కొత్తగా ఒక పాయింట్ ఇచ్చి వెళ్లారు. గోడకి సన్నగా గాడి కొట్టి, వైర్లు అలాగే అందులో పెట్టి, పైన సిమెంట్ మెత్తేశారు. పైపు లేదు. "రెండడుగులే కదా, దానికి పైపెందుకు" అన్నాడట చేసినతను. వానలు పడి గోడకి చెమ్మ ఎక్కాక ఆ ఇంటావిడ గిన్నెలు సర్దుతూ గోడకి చెయ్యి ఆనిస్తే జివ్వుమందట. టెస్టర్ పెట్టి చూస్తే ప్లాస్టరింగ్ మీదే లైటు వెలిగింది. మెయిన్ ఆపి చెక్కి చూశాం. తాపీ అంచు తగిలిందేమో, ఫేజ్ వైరు మీద ఇన్సులేషన్ గోరంత మేర లేచిపోయి రాగి కనబడుతోంది.

కాబట్టి మొదటి మాట ఇదే. గోడలో పెట్టి పూడ్చాల్సింది పీవీసీ పైపుని. వైరు ఆ పైపులో ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగితే బయటికి రావాలి, దాని చోట కొత్తది వెళ్లాలి. మనం మామూలుగా ఇళ్లలో వాడే ఒంటి పొర వైరు నేరుగా సిమెంట్‌లో పెట్టడానికి తయారు చేసింది కాదు. రెండడుగులైనా, అరడుగైనా పైపు వేయండి.

ఇల్లు కడుతున్నవాళ్లకి, లేదా పాత ఇంట్లో గోడలు చెక్కి కొత్త పాయింట్లు పెట్టించుకునేవాళ్లకి ఈ పని ఏ వరసలో జరగాలో చెబుతాను. కరెంటు కనెక్షన్లు మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. పక్కన నిలబడి ఏం చూడాలో మీకు తెలిస్తే చాలు.

పని మొదలయ్యేది గోడ దగ్గర కాదు, స్లాబ్ దగ్గర. స్లాబ్‌కి ఇనుము కట్టాక, కాంక్రీట్ పోయకముందే ఫ్యాన్ బాక్సులు, లైటు పాయింట్ల బాక్సులు, వాటి మధ్య పైపులు పడిపోవాలి. ఏ గోడలోకి ఏ పైపు దిగాలో అప్పుడే తేల్చుకుని, బీమ్ ఉన్నచోట దానిలోంచి కిందికి పైపు దింపి ఉంచాలి. ఆ రోజు మర్చిపోతే తర్వాత బీమ్ చెక్కుదామంటారు. చెక్కనివ్వకండి. కాలమ్‌కి, బీమ్‌కి గాడి కొట్టడం అంటే ఇనుమును బయటపెట్టడమే. కాంక్రీట్ పనుల భారత ప్రమాణం (ఇండియన్ స్టాండర్డ్) ఐఎస్ 456 ప్రకారం కాలమ్‌లో ఇనుము మీద ఉండే కాంక్రీట్ కవర్ మామూలుగా 40 ఎంఎం, బీమ్‌కి ఇంకా తక్కువ. పైపు పట్టేంత లోతు చెక్కితే దాదాపు చువ్వ దాకా వెళ్లినట్టే. అక్కడినుంచి తుప్పు మొదలవుతుంది. కాలమ్ మీద స్విచ్ బోర్డు రావాల్సి వస్తే బోర్డుని పక్క గోడలోకి జరపండి, అంతే.

గోడలు కట్టాక వారం పది రోజులైనా ఆగాలి. పచ్చి గోడ మీద సుత్తి పడితే ఇటుక మధ్య మాల్ వదిలేస్తుంది. ఆ ఆగే రోజుల్లో మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఖాళీ గదిలో నిలబడి మంచం ఎక్కడ, బీరువా ఎక్కడ, తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది, టీవీ ఎక్కడ అని సుద్దతో నేల మీద గీసుకోండి. తలుపు తెరిస్తే దాని వెనక దాక్కునే స్విచ్ బోర్డులు, బీరువా వెనక ఇరుక్కుపోయిన ప్లగ్గులు నేను లెక్కలేనన్ని చూశాను. స్విచ్ బోర్డు నేల నుంచి నాలుగు, నాలుగుంపావు అడుగుల ఎత్తులో పెడతాం. నేల అంటే టైల్స్ వేశాక వచ్చే నేల, ఇప్పుడు కనబడే మట్టి నేల కాదు. అందుకే అన్ని గదులకీ కలిపి ఒకే లెవెల్ గీత ముందు కొట్టించుకుని, కొలతలన్నీ దానినుంచే తీయండి. ఏసీ పాయింట్ ఏడడుగుల పైన, వంటగదిలో గట్టు మీద పాయింట్లు గట్టుకి అడుగు పైన. గీజర్ స్విచ్ బాత్‌రూమ్ బయట ఉంటే మంచిది.

ఇప్పుడు గీతలు. నేను బాగా పట్టుబట్టేది ఇక్కడే. బోర్డు నుంచి పైపు నిట్టనిలువుగా పైకి వెళ్లాలి, లేదా నిట్టనిలువుగా కిందికి దిగాలి. గుండు దారం వేసి గీయండి. ఏటవాలుగా వెళ్తే రెండడుగుల పైపు మిగులుతుంది, అర్ధగంట పని తగ్గుతుంది. కానీ రేపు దేవుడి పటానికో గడియారానికో ఎవరైనా డ్రిల్ చేసేటప్పుడు, కింద బోర్డు ఉంది కాబట్టి దానికి తిన్నగా పైన డ్రిల్ చేయకూడదని ఎవరైనా ఊహించగలరు, మూడడుగుల పక్కన గోడలో అడ్డంగా ఏదో పోతోందని ఎవరూ ఊహించలేరు.

అడ్డ గాళ్ల గురించి ఒక చిన్న లెక్క చెబుతాను. గోడలకి గాడి ఎంత లోతు కొట్టొచ్చో ఐఎస్ 1905 చెబుతుంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. మన లోపలి గోడలు ఎక్కువగా నాలుగున్నర అంగుళాలే, అంటే 115 ఎంఎం. మూడో వంతు అంటే 38 ఎంఎం, అందులో ముప్పావు అంగుళం పైపు, అంటే 20 ఎంఎం పైపు, హాయిగా పడుతుంది. ఆరో వంతు అంటే 19 ఎంఎం. పైపే 20. అంటే నాలుగున్నర గోడలో అడ్డంగా పైపు పడుకోబెట్టడానికి చోటే లేదన్నమాట. బరువు మోసే గోడల కోసం రాసిన లెక్కే అయినా, పిల్లర్ల ఇంట్లో అడ్డుగోడలకి కూడా ఇదే పాటిస్తాను, ఎందుకంటే అడ్డ గాడి పొడవునా పగులు రావడం కళ్లారా చూశాను. ఒక బోర్డు నుంచి పక్క బోర్డుకి వెళ్లాలంటే పైకి వెళ్లి స్లాబ్‌లోంచి దిగండి, లేదా నేల కింద పైపు వేసి ఎక్కండి. పైపు రెట్టింపు పడుతుంది, పడనివ్వండి.

అలాగే ఒకే గోడకి అటు ఇటు రెండు గదుల్లో బోర్డులు వీపు వీపు ఆనించి పెట్టకండి. బాక్సు లోతు దాదాపు రెండంగుళాలు. నాలుగున్నర గోడలో రెండు వైపుల నుంచీ చెక్కితే మిగిలేది ఏమీ ఉండదు, ఆ గదిలో మాట ఈ గదిలో వినబడుతుంది కూడా. ఒకదాన్ని అడుగు పక్కకి జరిపితే సరిపోతుంది.

గీతలు గీసే రోజే ప్లంబర్‌ని కూడా పిలిపించండి. ఎలక్ట్రీషియన్ ఎర్ర సుద్ద, ప్లంబర్ నీలం సుద్ద. బాత్‌రూమ్ గోడ మీద రెండు రంగులూ ఒకదాన్నొకటి దాటుతుంటే అప్పుడే మార్చుకోవచ్చు, చెక్కాక మార్చాలంటే గోడ జల్లెడ అవుతుంది.

గాడి కొట్టడానికి సుత్తి, శానం మాత్రమే పట్టుకుని దిగితే ఇటుకలు కదిలిపోతాయి. ముందు కటింగ్ మెషిన్‌తో రెండు సమాంతర గీతలు లోతుగా కోసి, మధ్యలో ఉన్నది శానంతో తీసేయాలి. ముప్పావు పైపుకి వెడల్పు అంగుళంపావు, లోతు కూడా అంతే ఉంటే పైపు గోడ ముఖం కన్నా లోపలికి కూర్చుంటుంది. పైపు గోడతో సమానంగా ఉండి పైన ప్లాస్టరింగ్ మందం ఒక్కటే ఉంటే పగులు గ్యారంటీ. కోసేటప్పుడు కళ్లజోడు, మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి బయటికి రాదు, మా పనిలో చాలామంది దీన్ని లెక్కచేయరు, మీ ఇంట్లో పనిచేసే కుర్రాడికి మీరే ఒక మాస్కు కొనిచ్చి పెట్టుకోమనండి. సిపోరెక్స్ అని అందరూ పిలిచే తేలిక ఏఏసీ బ్లాకులైతే సుత్తి వాడనేవద్దు, పూర్తిగా మెషిన్‌తోనే కోయాలి, అవి దెబ్బకి పెళుసుగా విరుగుతాయి. పాత ఇంట్లో చెక్కేటప్పుడు ముందు మెయిన్ ఆపి, ఆ గోడలో ఇప్పటికే ఏ పైపులు పోతున్నాయో బోర్డులు విప్పి చూసుకోండి.

పైపు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 9537 అని దాని మీద అచ్చు ఉందో లేదో చూడండి. లైట్, మీడియం, హెవీ అని మూడు రకాలుంటాయి. గోడలకి మీడియం, స్లాబ్‌కి హెవీ వాడితే మంచిది, కాంక్రీట్ పోసేటప్పుడు దాని మీద మనుషులు నడుస్తారు కదా. మలుపుల దగ్గర ఎల్బో పెట్టకండి, పొడుగు బెండ్లు పెట్టండి, లేదంటే లోపల స్ప్రింగ్ దూర్చి పైపునే మెల్లగా వంచాలి. ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకి మధ్య రెండు బెండ్లకి మించితే వైరు లాగడం నరకం, అలాంటి చోట మధ్యలో ఒక జంక్షన్ బాక్సు పెట్టేయాలి. ప్రతి అతుక్కీ సొల్యూషన్, అంటే పీవీసీ పైపుల జిగురు, రాయాలి. ఊరికే దూర్చి వదిలేస్తారు, అదెంత చేటో చెబుతాను.

ఒక ఇంట్లో అంతా అయిపోయి, రంగులు కూడా పడ్డాక వైరు లాగుతుంటే ఒక పైపులో వైరు లాగే పొడుగు స్ప్రింగ్ ముందుకి పోలేదు. ఎంత తోసినా అక్కడే ఆగిపోతోంది. ఇలాంటప్పుడు గోడంతా పగలగొట్టక్కర్లేదు. బాక్సు మూతి దగ్గర స్ప్రింగ్‌కి టేప్ చుట్టి గుర్తు పెట్టి, బయటికి లాగి కొలిచాం, నాలుగడుగుల రెండంగుళాలు వచ్చింది. గిలాబాకు ముందు తీసిన ఫోటో చూస్తే పైపు బోర్డు నుంచి తిన్నగా పైకే పోయింది. బోర్డు నుంచి పైకి నాలుగడుగుల రెండంగుళాల దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గుండ్రంగా గీసి, అక్కడ మాత్రం అరచేయంత చెక్కాం. సరిగ్గా అక్కడే ఒక కప్లర్, అంటే రెండు పైపుల్ని కలిపే ముక్క. రెండు పైపులూ అందులో మధ్యదాకా రాలేదు, సొల్యూషన్ చుక్క కూడా లేదు, ఆ సందులోంచి పల్చటి సిమెంట్ పాలు కారి లోపల గడ్డకట్టి రాయైపోయాయి. ముప్పై పైసల సొల్యూషన్ కూడా పట్టని చోట కొత్త రంగు గోడకి మచ్చ పడింది.

పైపులు, బాక్సులు కూర్చోబెట్టేటప్పుడు బాక్సు గోడ ముఖంతో సమానంగా కాకుండా, ప్లాస్టరింగ్ మందం ఎంత వస్తుందో అంత ముందుకి ఉండాలి. లోపలి గోడకి ఇటుక సాఫీగా ఉన్న వైపు 12 ఎంఎం, గరుకు వైపు 15 ఎంఎం దాకా వస్తుంది. ఊహించి పెట్టకుండా, మేస్త్రీని ముందే ఆ గోడ మీద మాల్‌తో లెవెల్ బిళ్లలు పెట్టమనండి. ఆ బిళ్లల మీద బద్ద ఆనించి, బద్దకి బాక్సు అంచు తగిలేలా పెడితే తర్వాత ఫ్రేము గోడకి అతికినట్టు కూర్చుంటుంది. బాక్సు లోతుగా పోతే స్క్రూలు అందవు, బయటికి వస్తే ఫ్రేము చుట్టూ సందు కనబడుతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టకుండా ఏ బాక్సునీ మాల్‌తో బిగించనివ్వకండి. వంకర బోర్డు ఇల్లు ఉన్నన్నాళ్లూ కంట్లో నలుసులా ఉంటుంది.

టీవీ కేబుల్, ఇంటర్నెట్ కేబుల్ కరెంటు పైపులో దూర్చొద్దు. వాటికి వేరే పైపు, వేరే బాక్సు, వీలైతే అడుగు దూరం. ఇప్పుడు అవసరం లేకపోయినా టీవీ దగ్గరికి ఒక ఖాళీ అంగుళం పైపు వేసి ఉంచండి.

ఇక పూడ్చడం. చాలామంది ఎలక్ట్రీషియన్లు పైపు బిగించి, రెండు చోట్ల మాల్ బొట్లు పెట్టి వెళ్లిపోతారు, మిగతాది ప్లాస్టరింగ్‌లో పోతుందిలే అని. తర్వాత మేస్త్రీ వచ్చి గాడీ, గోడా కలిపి ఒకేసారి మెత్తేస్తాడు. గాడి దగ్గర అంగుళంన్నర మందం, పక్కన అరంగుళం మందం. మందంగా ఉన్నది ఎక్కువ కుంచించుకుపోతుంది, వేసవి రాగానే పైపు ఎక్కడుందో గోడ మీద గీత గీసి చూపిస్తుంది. లప్పం ఎన్నిసార్లు పెట్టినా ఆ గీత మళ్లీ వస్తుంది.

పద్ధతి ఏంటంటే, ముందు గాడిలో దుమ్మంతా బ్రష్‌తో దులపాలి. నీళ్లు కొట్టి తడపాలి, పొడి ఇటుక మాల్‌లో నీళ్లు తాగేస్తుంది. పైపుని రెండడుగులకో చోట మేకులతో, బైండింగ్ వైరుతో కదలకుండా కట్టాలి. తర్వాత ఒకటికి నాలుగు (ఒక వంతు సిమెంట్, నాలుగు వంతుల ఇసుక) సిమెంట్ మాల్‌తో ముందు పైపుకి రెండు పక్కలా, వెనకా నొక్కి నింపి, ఆ తర్వాత పైన నింపాలి. గోడ ముఖానికి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) లోపలే ఆపి, తాపీ కొనతో గీతలు పెట్టి గరుకుగా వదిలేయాలి. తొందరగా గట్టిపడుతుందని పీఓపీతో నింపేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, దాని మీద సిమెంట్ ప్లాస్టరింగ్ సరిగ్గా పట్టదు. నింపిన గాళ్లని రెండు మూడు రోజులు తడపండి. ఆ తర్వాత గాడి పొడవునా చికెన్ మెష్ (సన్నటి ఇనుప జాలీ) వేయాలి, గాడికి అటు మూడంగుళాలు, ఇటు మూడంగుళాలు పడేంత వెడల్పు ఉండాలి, వదులుగా బుడగలా లేవకుండా లాగి మేకులు కొట్టాలి. ఏఏసీ బ్లాకు గోడైనా, ఇటుక గోడ కాలమ్‌ని కలిసే చోటైనా మెష్ వదలొద్దు.

మెష్ వేశాక, మేస్త్రీ తాపీ పట్టకముందు ఒక పూట మీది. ఆ పూట రెండు పనులు. మొదటిది, ప్రతి పైపులోనూ స్ప్రింగ్ వేసి ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చిందని కళ్లతో చూసుకోండి, వచ్చాక అందులో సన్నటి జీఐ తీగ ఒకటి వదిలేయండి. బాక్సుల్లో పాత పేపర్లు కుక్కి మూతి మీద టేప్ వేయండి, లేకపోతే గిలాబా మాల్ సగం అందులోకే పోతుంది. రెండోది ఫోటోలు. గోడకి టేపు ఆనించి, నేల నుంచి అంకెలు కనబడేలా, మూల నుంచి అంకెలు కనబడేలా, ప్రతి గోడకీ తీయండి. గది పేరు, తూర్పు గోడా పడమర గోడా అన్నది సుద్దతో గోడ మీదే రాసి ఫోటోలో పడేలా తీస్తే తర్వాత తికమక ఉండదు.

మేస్త్రీతో ఒక మాట ముందే చెప్పుకోండి. "మేస్త్రీ, బాక్సుల చుట్టూ మూలలు నీట్‌గా కోసి వదలండి, పూడ్చేయొద్దు" అంటే నిజంగానే జాగ్రత్తగా చేస్తారు, చెప్పకపోతే రెండు బాక్సులు గోడలో మాయమవుతాయి. ప్లాస్టరింగ్ అయ్యాక వారం రోజులకు తగ్గకుండా నీళ్లు కొట్టాలి. మా ఖమ్మం, కొత్తగూడెం ఎండల్లో అయితే రోజుకి మూడుసార్లు కొట్టినా ఎక్కువ కాదు. అంతలో వైర్లు లాగేయొద్దు. గోడ ఆరాలి, పైపుల్లో నీళ్లుంటే దిగాలి.

వైరు సైజులు క్లుప్తంగా చెబుతాను. లైట్లు, ఫ్యాన్లకి 1.5 (చదరపు ఎంఎం) వైరు, మామూలు ప్లగ్గులకి 2.5, ఏసీకి, గీజర్‌కి విడివిడిగా డీబీ (ఇంటి కరెంటంతా పంచే మెయిన్ బోర్డు) నుంచే 4 వైరు. ఫేజ్‌కి ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కి నలుపు, ఎర్త్‌కి పచ్చ. రంగు వైరు అయిపోయిందని పచ్చ వైరుని ఫేజ్‌కి వాడితే ఊరుకోకండి, రేపు వచ్చే ఎలక్ట్రీషియన్ దాన్ని ఎర్త్ అనుకుని పట్టుకుంటాడు. ముప్పావు పైపులో ఐదారు 1.5 వైర్లు హాయిగా వెళ్తాయి, ఇంకా దూర్చాలనుకుంటే అంగుళం పైపు వేయాల్సింది. ఒక పైపులో వెళ్లేవన్నీ ఒకేసారి లాగాలి, ఒకతను ఇటునుంచి తోస్తూ ఉంటే ఇంకొకతను అటునుంచి లాగాలి, కాస్త టాల్కమ్ పౌడర్ రాస్తే జారుతూ వెళ్తాయి. పైపు లోపల అతుకు అనేది ఉండకూడదు. వైరు చాలకపోతే అది తీసేసి కొత్తది లాగడమే, అతుకులన్నీ బాక్సుల్లోనే. ప్రతి బాక్సులో ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు వైరు వదలండి.

స్విచ్చులు బిగించకముందు మెగ్గర్‌తో, అంటే వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరుతో, చూడమని అడగండి. 500 వోల్టుల మెగ్గర్ పెట్టి ఫేజ్‌కి ఎర్త్‌కి, న్యూట్రల్‌కి ఎర్త్‌కి, ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య చూస్తారు, ఒక మెగాఓమ్‌కి తగ్గకూడదు, కొత్త వైరింగ్‌లో అంతకన్నా చాలా ఎక్కువే రావాలి. తక్కువ చూపిస్తే ఎక్కడో వైరు గీరుకుపోయింది, లేదా పైపులో నీళ్లున్నాయి. ఈ టెస్టు రంగులు వేయకముందే చేయించాలి, తప్పు దొరికితే చెక్కడానికి మనసొప్పుతుంది కాబట్టి. డీబీలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పకుండా పెట్టించండి, బిగించాక దాని మీద టెస్ట్ బటన్ నొక్కి మీ ఎదురుగా ట్రిప్ అయ్యేలా చూడండి. నేను మొదట్లో చెప్పిన ఆ వంటగదికి ఎర్త్ వైరూ లేదు, ఆర్‌సీసీబీ కూడా లేదు.

ఫోటోలు ఫోన్‌లోనే ఉంచుకుంటే ఫోన్ మారినప్పుడు పోతాయి. ప్రింట్లు తీయించి, డీబీలో ఏ ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) ఏ గదిదో రాసిన కాగితంతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, డీబీ తలుపు లోపలి వైపు అతికించండి. తర్వాత ఏసీ బిగించడానికి వచ్చే కుర్రాడు డ్రిల్ ఆన్ చేసేముందు ఆ తలుపు తెరిచి చూపించండి.